పదకొండు రోజుల సున్నం

నడక మొదలుపెట్టిన తొమ్మిదో రోజున విశ్రాంతి అన్నారు. విశ్రాంతి అంటే కాళ్ళు చాపుకుని పడుకోవడం కాబోలు అనుకున్నాడు మేస్త్రి. అది ఆయన అమాయకత్వం. కొండ దాకా కాలినడకన వెళ్ళి మొక్కు తీర్చుకుందామని బయల్దేరిన ఆ నలభై మంది గుంపులో విశ్రాంతికి అర్థం వేరు. రోజూ తిన్నగా నడిచేవాళ్ళు ఆ ఒక్కరోజు వంకరటింకరగా ఊరంతా నడుస్తారు, అంతే తేడా.

"చారిత్రక పట్టణం! చూడకుండా పోతే జన్మ వృథా!" అని గుంపు పెద్ద పొద్దున్నే ఈల ఊదాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కనుక అందరూ ఆయన్ని ఈలాయన అంటారు. లేవడానికి ఒక ఈల, తినడానికి ఒక ఈల, రోడ్డు దాటడానికి రెండు. పాపాలు వదిలించుకోవడానికి పోతున్న జనాన్ని గొర్రెల మందలా తోలుకెళ్ళడంలో ఆయన పొందే ఆనందం చూస్తే, ఈయనకి ఇంక దేవుడితో పనేముంది అనిపిస్తుంది.

మేస్త్రికి అరవై ఎనిమిదేళ్ళు. అందులో యాభై మూడేళ్ళు తాపీ పట్టినవే. ఎండుకట్టెలాంటి మనిషి, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. దారి పొడుగునా ఆయన తిట్టని గోడ లేదు. మొదటిరోజు పడుకున్న సత్రం చూసి, "దీన్ని కట్టినవాడు నిలువు చూసే తూకం గుండు ఇంట్లో మర్చిపోయొచ్చాడు" అన్నాడు. మూడోరోజు వంతెన చూసి, "కింద నీళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, ఉంటే ఎప్పుడో సిగ్గుతో దూకేసేది" అన్నాడు. అయిదోరోజు ఒక బడి గోడ మీద చెయ్యి వేసి, "పడిపోతుంది, రాసిపెట్టుకోండి" అన్నాడు. ఆరోరోజు నీళ్ళ ట్యాంకు కూడా పడిపోతుందన్నాడు. ఏదీ పడలేదు. ఎవర్ని ఎంత తిట్టినా చివరికి ఒకటే పల్లవి. "నా చేతిపని యాభై మూడేళ్ళలో ఒక్క పెచ్చు రాలలేదు. కావాలంటే మా బావగారిని అడగండి."

బావగారంటే ఆయన వియ్యంకుడు, ఉద్యోగం దిగిపోయిన హెడ్మాస్టరు. ఎప్పుడూ పక్కనే నడుస్తుంటారు, చేతిలో ఒక నోటుబుక్కుతో. ఎవరైనా అడిగితే తల ఊపి, "నిజమే, మా ఇల్లు ఆయన కట్టిందే" అంటారు. ఆ తల ఊపడం వెనక పెద్ద కథే ఉంది. పన్నెండేళ్ళ క్రితం మాస్టారు ఇల్లు కట్టించుకున్నారు. ముందుగది పైకప్పుకి మేస్త్రి పాతకాలపు పద్ధతిలో సున్నపు గార చేస్తానన్నాడు, వేసవిలో చల్లగా ఉంటుందని. సున్నం మూడు నెలలు నీళ్ళలో ఊరితే గాని తాపీ ముట్టనని మొండికేశాడు. మాస్టారు ఆ ఇంట్లో దిగడం మరుసటి ఏడాదికి వాయిదా పడింది. వేరే ఎవరైనా అయితే మేస్త్రిని మార్చేసేవాళ్ళు. మాస్టారు మాత్రం, "పనిలో ఇంత నిజం ఉన్న మనిషి ఇంట్లో పెరిగిన పిల్లయితే ఇంకేం చూడక్కర్లేదు" అని తన కొడుక్కి మేస్త్రి కూతుర్ని అడిగి మరీ చేసుకున్నారు. తాపీ పనివాడితో వియ్యమేమిటని చుట్టాలు మూతులు విరిచారు. మాస్టారు వాళ్ళని ఇంటికి పిలిచి, పైకప్పు చూపించి నోళ్ళు మూయించారు. కూతురు ఆ ఇంట్లో తలెత్తుకు తిరుగుతోందంటే ఆ పైకప్పు చలవే. ఆ సంగతి తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు.

ఎవరికీ తెలియంది ఒకటుంది. ఈ చారిత్రక పట్టణం మేస్త్రికి కొత్త కాదు. ముప్పై అయిదేళ్ళ క్రితం ఇక్కడ తొమ్మిది నెలలున్నాడు. కోట పెద్ద వాకిలి మీది గార పని ఆయన చేసిందే. నలుగురిలో చెప్పుకునే పనుల్లో ఆ వాకిలిని మాత్రం ఒక్కసారైనా చేర్చలేదు. అసలు ఈ ఊరు దారిలో లేదు. ఎక్కడో రోడ్డు తవ్వుతున్నారని ఈలాయన దారి మార్చాడు. రాత్రి ఊరి పేరు వినగానే మేస్త్రి తేలు కుట్టిన దొంగలా దుప్పటి ముసుగేశాడు.

పొద్దున, "కాళ్ళు పొక్కులెక్కాయి బావగారూ, మీరెళ్ళి రండి, నేనిక్కడే పడుకుంటా" అన్నాడు.

"భలేవారే! మీరు రాకపోతే ఈ గోడల సంగతి మాకెవరు చెప్తారు? బోర్డులు చదివితే నాకేం తెలుస్తుంది, మీరు తిడితేనే కదా తెలిసేది" అన్నారు మాస్టారు.

పిల్లనిచ్చుకున్నవాడు వియ్యంకుడి మాట కాదనడం కష్టం. మేస్త్రి తలకి తువ్వాలు చుట్టుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

ఊరు చరిత్ర మీద బతుకుతోంది. పని చేసి బతకడం మానేసి చాలాకాలమైనట్టుంది. కోటకి పోయే సందు నిండా కోట బొమ్మలే. కోట ఆకారంలో తాళంచెవుల గుత్తులు, కోట ఆకారంలో సబ్బుపెట్టెలు. సందులో ఇళ్ళన్నిటికీ ఒకే పసుపురంగు కొట్టించారు, పాతగా కనిపించాలని. రంగు వెనక మేడలు నిన్నమొన్నటివి. పై అంతస్తుల్లోంచి కరెంటు తీగలు, ఆరేసిన చొక్కాలు వేలాడుతున్నాయి. ఒక ఇంటి అరుగు మీద, "ఇక్కడ సైన్యాధిపతి విశ్రమించెను" అని పలక ఉంది. ఆ అరుగుకి సిమెంటు పూసి వారం కూడా అయ్యుండదు. మేస్త్రి గోటితో గీకి చూసి, "సైన్యాధిపతి పోయిన మంగళవారం విశ్రమించాడన్న మాట" అన్నాడు. గుంపులో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మాస్టారు ముందే పలక మీది ముక్కని నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. కొట్టెయ్యాలా వద్దా అన్నట్టు కాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత రాణి దూకిన బావి చూపించారు. అందులో కాలు పెడితే చీలమండ తడవదు. మ్యూజియం అని రెండు గదులు చూపించారు. ఒకదాన్నిండా తుప్పు, ఇంకోదాన్నిండా దుమ్ము. గుర్రాలశాల అన్న చోట సైకిళ్ళు పెట్టారు. ఇన్ని చూసేసరికి మేస్త్రికి ప్రాణం కొంచెం కుదుటపడింది. నోరు మళ్ళీ ఊపందుకుంది. ఇన్ని అబద్ధాల మధ్య నా ఒక్కడి అబద్ధం ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే సందు మలుపు తిరిగి, పెద్ద వాకిలి ఎదురొచ్చింది.

రెండు నిలువుల ఎత్తు రాతి వాకిలి. దాని మీద అడ్డంగా ముందుకు పొడుచుకొచ్చిన గార పట్టీ, పట్టీ నిండా పువ్వులు, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి సింహాలు. ఎడమవైపు సింహం కింద రాతి బెంచీ, బెంచీ పక్కన పొయ్యి పెట్టుకుని టీ అమ్ముతున్న ఒకావిడ. నీడంతా అక్కడే ఉంది, జనమంతా అక్కడే ఉన్నారు. టోపీ పెట్టుకున్న గైడు ఒకడు వీళ్ళ గుంపుని చూడగానే గొంతు సవరించుకున్నాడు.

"ఈ సింహాలు చూడండి సార్. నాలుగు వందల ఏళ్ళు! చెక్కు చెదరలేదు. ఆ గారలో ఏమేం కలిపేవారో ఎవరికీ తెలీదు. ఆ రహస్యం ఆ శిల్పులతోటే మట్టిలో కలిసిపోయింది."

ఆ రహస్యం గైడుకి మూడడుగుల దూరంలో తువ్వాలు కప్పుకుని నిలబడి ఉంది.

"సింహానికి మీసాలున్నాయేమిటి?" అని ఒకావిడ అడిగింది.

"మంచి ప్రశ్న అమ్మా. అది రాజుగారి ముత్తాత ముఖం. సింహబలుడు కదా, అందుకని."

అది రాజుగారి ముత్తాత ముఖం కాదు, అప్పటి కంట్రాక్టరు ముఖం. ఆయన మెల్లకన్ను కూడా మేస్త్రి వదల్లేదు. పరంజా మీద కూర్చుని, కూలీలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే ఆ కన్ను తిప్పాడు. వయసు పొగరు మరి. కంట్రాక్టరు కింద నిలబడి పోల్చుకోలేక, "సింహం బాగా కుదిరింది" అని మెచ్చుకున్నాడు. మాస్టారు ఇప్పుడు రాజుగారి ముత్తాత అని శ్రద్ధగా రాసుకుంటున్నారు. వేరే రోజయితే మేస్త్రికి ఇది పండగే. ఈరోజు నవ్వు రాలేదు. ఆయన కళ్ళు సింహం మీసాల మీద లేవు, సింహం వెనక గోడకీ పట్టీకీ మధ్య ఉన్న పగులు మీద ఉన్నాయి. పగులులో చెయ్యి పడుతుంది.

"నాలుగింటికి అందరూ ఇక్కడికే రావాలి!" అని ఈలాయన ఊదాడు. "ఎడమ సింహం కింద గ్రూపు ఫోటో. ఒక్కరు తగ్గినా ఊరుకోను!"

గుంపు లోపలికి పోయింది. మేస్త్రి వెనకపడ్డాడు. వాకిలి పక్క మెట్లెక్కితే ఒకప్పుడు కాపలావాళ్ళు నిలబడే అరుగు ఉంటుంది, అక్కడినుంచి చెయ్యి చాపితే గార పట్టీ అందుతుంది. ఆ అరుగు ఆయనకి ఎవరూ చూపించక్కర్లేదు. ఎక్కి, చేతికర్రతో పట్టీని తట్టాడు. గట్టిగా ఉన్న గార ఖణ్ మంటుంది. ఇది డబ్ మంది. ఇంకో మూర అవతల తట్టాడు. డబ్. సింహం దాకా తట్టుకుంటూ పోయాడు. మొత్తం డొల్ల. లోపలి గార ఎప్పుడో గోడని వదిలేసింది. ఏటేటా పైన కొట్టిన రంగు పూతలే దాన్ని పట్టుకుని ఉన్నాయి.

మేస్త్రి కర్ర పక్కన పెట్టి ఆ అరుగు మీదే కూర్చున్నాడు.

ఆయనకి పని నేర్పింది మేనమామ. ఆ తర్వాత పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు దెబ్బలూ తిన్నాడు, అన్నమూ తిన్నాడు. "సున్నం అత్తగారి కోపం లాంటిదిరా. పైకి చల్లారినట్టుంటుంది, లోపల ఉడుకుతూనే ఉంటుంది. మూడు నెలలు నీళ్ళలో ఊరనిస్తే గాని నమ్మకు" అని మామ రోజూ చెప్పేవాడు. గోతిలోంచి ఇంత తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. వెన్నలా జారాలి. ఇసుకంత గరుకు తగిలినా మొత్తం మళ్ళీ గోతిలో పోయించేవాడు. ఊరని గడ్డ గోడెక్కితే, తర్వాతెప్పుడో తేమ తగిలినప్పుడు లోపలే ఉబ్బి, చుట్టూ ఉన్నదాన్నంతా పగలగొట్టుకుని వస్తుంది.

ఈ వాకిలి పని మొదట ఒప్పుకున్నది మామే. బాగుచేసిన కోటని ఎవరో పెద్దమనిషి వచ్చి తెరుస్తున్నాడని తేదీ పెట్టారు. కంట్రాక్టరు వచ్చి, నెల తిరక్కుండా సింహాలు కనబడాలన్నాడు. సున్నం గోతిలో పోసి అప్పటికి పదకొండు రోజులు. మామ, "కుదరదు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. తాపీ కడుక్కుని, సంచీలో వేసుకుని ఊరికెళ్ళిపోయాడు. కంట్రాక్టరు అప్పుడు పక్కనున్న ముప్పై మూడేళ్ళ మేనల్లుడి వైపు తిరిగి, "ఏం మేస్త్రీ, నువ్వు చేస్తావా?" అన్నాడు. అప్పటిదాకా వాణ్ణి ఎవరూ మేస్త్రీ అనలేదు. ఒరేయ్ అన్నారు, అబ్బీ అన్నారు. ఆ ఒక్క పిలుపుకి వాడు పొంగిపోయి పదకొండు రోజుల సున్నంతో సింహాలు లేపాడు. సున్నం నలిపి చూసుకున్నాడా అంటే, చూసుకున్నాడు. గరుగ్గా ఉంది. చెయ్యి కడుక్కుని పైకెక్కాడు.

మామ చచ్చేదాకా ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రికి చాలాసార్లు అనిపించింది. ఆ తర్వాత చేసిన ఏ పనిలోనూ ఒక్కరోజు కూడా తగ్గించలేదు. మూడు నెలలంటే మూడు నెలల మీద వారం. ఎదుటివాడి గోడలో వెంట్రుకవాసి వంకర కనబడినా చీల్చి చెండాడేవాడు. ఆ తిట్లన్నీ ఎవరికి తగలాల్సినవో ఆయనకి ఒక్కడికే తెలుసు.

గడియారం చూసుకున్నాడు. మూడు కావస్తోంది. మెట్లు దిగి టీ ఆవిడ దగ్గరికి పోయాడు.

"అమ్మా, పొయ్యి అటు పక్కకి జరుపుకోవా?"

"ఎండలోకా? నువ్వు జరుగు తాతా."

"పైనున్నది ఊడిపడేలా ఉందమ్మా."

"ఇరవై ఏళ్ళబట్టి ఇక్కడే ఉన్నా. ఊడేదైతే మా ఆయన బతికున్నప్పుడే ఊడి, ఆయన నెత్తిన పడేది. నాకంత అదృష్టమా? టీ కావాలా, వద్దా?"

ఇక ఈలాయనని పట్టుకున్నాడు. మొదట ఫోటోకి వెలుతురు చాలదన్నాడు. ఆ తర్వాత బావి దగ్గరయితే బాగుంటుందన్నాడు. ఆడవాళ్ళు అలిసిపోయారన్నాడు. ఆడవాళ్ళు జుట్లు దువ్వుకుని అప్పటికే బెంచీ ఎక్కుతున్నారు. ఈలాయన ప్రతిదానికీ, "అన్నీ చూసే పెట్టానండీ" అన్నాడు. మింగలేక కక్కలేక చివరికి మేస్త్రి అసలు సంగతి అనేశాడు. "ఆ పట్టీ పడిపోతుందండీ."

ఈలాయన నడుం మీద చేతులు వేసుకున్నాడు. "మేస్త్రిగారూ, తొమ్మిది రోజులబట్టి చూస్తున్నా. సత్రం వంకరన్నారు. బడి పడిపోతుందన్నారు. ట్యాంకు పడిపోతుందన్నారు. ఒక్కటి పడిందా? మీకు కనబడిన గోడల్లా పడిపోవాలంటే ఈ దేశంలో మనమెక్కడ పడుకోవాలి?"

జనం గొల్లుమన్నారు. నవ్వడానికి వాళ్ళకి హక్కుంది. తొమ్మిది రోజులు వాళ్ళకి ఆ అలవాటు చేసింది ఆయనే.

"దాని సంగతి వేరు. నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి.

"మీకెలా తెలుసు తాతా?" అని గైడు అందుకున్నాడు. "నాలుగు వందల ఏళ్ళది. బోర్డు మీద రాసుంది, చదువుకోండి."

మాస్టారు అప్పుడే లోపలినుంచి వచ్చి, గుంపు అంచున నిలబడ్డారు. నోటుబుక్కు చంకలో ఉంది. ఆయన ఉండగా చెప్పాలా, ఆయన్ని పక్కకి పంపి చెప్పాలా అని మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు. పంపే వ్యవధి లేదు. కూతురి ముఖం కళ్ళముందు కదిలింది. అయినా నోరు తెరిచాడు.

"దాన్ని చేసింది నేను. ముప్పై అయిదేళ్ళయింది. సున్నం ఊరకుండానే పూశాను. లోపలంతా డొల్ల. ఆ సింహం ముఖం రాజుగారి తాతదీ కాదు, ముత్తాతదీ కాదు, మా కంట్రాక్టరుది. ఆ మెల్లకన్ను నేనే పెట్టాను."

గైడు ముందు నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఎండ దెబ్బ తగిలిందని ఎవరో నీళ్ళ సీసా అందించారు. "పోనీ రాణిగారు దూకినప్పుడు కూడా మీరున్నారా?" అని ఎవడో అన్నాడు. నవ్వని మనిషి ఒక్కరే. మాస్టారు కళ్ళజోడు తీసి ఒకసారి సింహాన్ని చూశారు, ఒకసారి వియ్యంకుణ్ణి చూశారు, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

ఈల మోగింది. మిగతా అందరూ బెంచీ చుట్టూ చేరారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. టీ ఆవిడ కూడా కొంగు సర్దుకుని ఓ మూల నిలబడింది. ఫోటో తీసేవాడు, "దగ్గరికి, ఇంకా దగ్గరికి" అంటున్నాడు.

ఆవిడ దుకాణం ముందు ఎండకి కట్టుకున్న పరదా ఒకటుంది. మేస్త్రి దాని వెదురు పీకాడు. పరదా పొయ్యి మీద పడింది. రెండు చేతులా వెదురు తిప్పుతూ, నోటికొచ్చిన బూతల్లా తిడుతూ జనం మీదికి వెళ్ళాడు. గార పడుతుందంటే కదలని జనం, పిచ్చివాడు కర్ర ఎత్తేసరికి చెల్లాచెదరైపోయారు. నిజం చెప్పినప్పటికంటే ఇది చాలా తొందరగా పనిచేసింది. బెంచీ ఖాళీ అయ్యాక వెదురు చివర్ని సింహం వెనక పగులులో దూర్చి ఒక్క ఎత్తు ఎత్తాడు. అంతకంటే కష్టపడాల్సిన పని లేకపోయింది. రెండు బారల పట్టీ, పువ్వులతో సహా, మెల్లకన్ను సింహంతో సహా బెంచీ మీదికి వచ్చిపడింది. రాతి బెంచీ రెండు ముక్కలైంది.

దుమ్ము తగ్గాక, ప్రాణాలు కాపాడావయ్యా అని ఎవరైనా కాళ్ళ మీద పడ్డారా అంటే అదేం లేదు. "నా పొయ్యి! నా పొయ్యి నాశనం చేశాడు ముసలాడు!" అని టీ ఆవిడ అందుకుంది. "నాలుగు వందల ఏళ్ళ సింహాన్ని పడగొట్టాడు" అని గైడు టోపీ తీసి గుండెకి అద్దుకున్నాడు. "వద్దంటున్నా వినకుండా మన గుంపుకే మచ్చ తెచ్చాడు" అన్నాడు ఈలాయన, రెండు నిమిషాల ముందు ఆ బెంచీ నడిమధ్యన నిలబడినవాడు. వాచ్‌మన్ వచ్చి మేస్త్రి రెక్క పట్టుకున్నాడు. ఈ లోకం తీరు మీద మేస్త్రికి మొదటినుంచీ గొప్ప అభిప్రాయమేమీ లేదు కనుక, వాడి వెంట నడిచాడు. ఒక పెచ్చు మాత్రం వంగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. వెంట వచ్చింది మాస్టారొక్కరే.

కోట ఆఫీసు ఒక పాత గది. ఫ్యాను శబ్దం తప్ప గాలి లేదు. అక్కడి ఆఫీసరు కుర్రవాడు, మంచివాడే. సాయంత్రం అయిదయింది, ఆయనకీ ఇంటికి పోవాలని ఉంది.

"పెద్దవారు, యాత్రకి పోతున్నారు. నాకెందుకు మీ ఉసురు? తెలియక కర్ర తగిలింది, క్షమించండి అని రెండు ముక్కలు రాసిచ్చి వెళ్ళిపోండి."

"మరి మిగతా పట్టీ?" అన్నాడు మేస్త్రి.

"అది బానే ఉందిగా."

"కుడి సింహం?"

"అదీ బానే ఉంది. అతుకేసి రంగు కొట్టిస్తాం."

మేస్త్రి జేబులోని పెచ్చు తీసి బల్ల మీద పెట్టి, పేపర్‌వెయిటుతో చితక్కొట్టాడు. మధ్యలో బఠాణీ గింజంత తెల్లటి గడ్డ కనబడింది. "ఇది ఊరని గడ్డ. వాకిలి పొడుగునా ఉన్నాయి. అటుపక్కా ఇవాళో రేపో పడుతుంది. కర్ర తగిలిందని రాస్తే మీరు దాన్ని దించరు. నా పని అని రాస్తే దించి తీరాలి. కాగితం ఇవ్వండి."

"అలా రాస్తే విచారణ ఉంటుందండీ. రేపు మా పైవాళ్ళు వస్తారు, మీరు నాలుగైదు రోజులు ఊళ్ళోనే ఉండాలి. మీవాళ్ళు ఆగుతారా?"

ఆగరు. తెల్లవారగానే గుంపు బయల్దేరుతుంది. ఇంకో మూడు రోజులు నడిస్తే కొండ. మేస్త్రి చెయ్యి చాపాడు. కాగితం వచ్చింది గాని, సంతకం తప్ప ఎక్కువ రాయడం ఆయనకి రాదు. మాస్టారు కాగితం తన ముందుకి లాక్కుని పెన్ను మూత తీశారు.

"చెప్పండి బావగారూ."

మేస్త్రి చెప్పాడు. మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాశారు, పరీక్ష పేపరు దిద్దినంత నెమ్మదిగా.

"ఎన్ని రోజులు ఊరబెట్టారు?"

"పదకొండు."

"ఎన్ని ఊరాలి?"

"తొంభై."

"ఊరలేదని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. నలిపి చూశాను."

అదీ రాశారు. తల ఎత్తలేదు. మేస్త్రి సంతకం పెట్టాడు.

తిరిగొచ్చే దారిలో కోట బొమ్మల దుకాణాలు మూస్తున్నారు. మాస్టారు నోటుబుక్కు చంకలో పెట్టుకుని నడుస్తున్నారు. నలభై అడుగులు నడిచాక మేస్త్రే ఆగలేకపోయాడు.

"మీ ఇంటికి తొంభై ఏడు రోజులు ఊరబెట్టాను బావగారూ. నా బిడ్డ మీద ఒట్టు."

"అయ్యో, నేనేమైనా అడిగానా?" అన్నారు మాస్టారు. "మీ పని నాకు తెలీదా?" అని మేస్త్రి భుజం మీద చెయ్యి కూడా వేశారు. మనిషంటే ఈయన, మిగతావాళ్ళంతా మంద అనుకున్నాడు మేస్త్రి.

బస దగ్గర అందరూ మూటలు సర్దుకుంటున్నారు. ఎవరూ మేస్త్రిని పలకరించలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాస్టారు కాసేపు తన చాప మీద కూర్చుని, లేచి, కిటికీ అవతలి వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశారు. గొంతు తగ్గించే మాట్లాడారు. కానీ బడిలో నలభై ఏళ్ళు అరిచిన గొంతు, ఎంత తగ్గించినా వినబడుతుంది.

"ఒరేయ్, పాపని ముందుగదిలో పడుకోబెట్టకండి. ఇవాళ్టినుంచే. వెనక గదిలో వెయ్యండి మంచం... ఏం లేదురా, ఊరికే. నేనొచ్చాక ఎవరినైనా పిలిచి పైకప్పు ఒకసారి చూపిద్దాం... ఆ, వేరే మేస్త్రినే. కోడలికి మాత్రం చెప్పకు."

పాప ఇద్దరికీ మనవరాలే. మేస్త్రి ఎవర్ని తిట్టాలా అని వెతుక్కున్నాడు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. మాస్టారి స్థానంలో తానున్నా ఆ ఫోనే చేసేవాడు, ఆ మాటలే చెప్పేవాడు. ఆ పైకప్పు ఇంకో వందేళ్ళు కదలదు. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క మేస్త్రికే తెలుసు, ఆయన మాట చెల్లే రోజులు మాత్రం అయిపోయాయి.